మూడో వంతు దగ్గర ఆగిపోయే హోల్డింగ్ ట్యాంక్: ఒక సెయిల్‌బోట్ కేస్ స్టడీ

పడవ 34 అడుగుల సెయిల్‌బోట్. 1980ల్లో కట్టినది. ఇప్పటి యజమానులు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. భార్యాభర్తలిద్దరూ ఉత్తర వర్జీనియాలో ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్లు. పడవను కట్టేసుకునేది మేరీల్యాండ్‌లో, అనాపొలిస్‌కు దక్షిణంగా చెసాపీక్ బేలో కలిసే ఒక క్రీక్‌లో. వేసవిలో శనాదివారాలు పిల్లలతో సహా నలుగురూ పడవలోనే పడుకుంటారు.

పడవలో టాయిలెట్ మురుగు చేరే ట్యాంకే హోల్డింగ్ ట్యాంక్. మరీనాలో, అంటే పడవలు కట్టేసే రేవులో, దాన్ని పంపుతో లాగించి ఖాళీ చేయించడాన్ని పంప్‌అవుట్ అంటారు. పడవల రిపేర్లు చేసే నాకు ఫోన్‌లో ఆయన చెప్పిన ఫిర్యాదు ఇదీ: “అన్నా, పంప్‌అవుట్ చేయించిన ప్రతిసారీ ట్యాంక్‌లో మూడో వంతు అలాగే ఉండిపోతోంది. గేజ్ మార్చాం, వేరే మరీనాకు వెళ్లి చూశాం, మందులు పోశాం. శనివారం బయల్దేరితే ఆదివారం పొద్దున్నకే ట్యాంక్ నిండిపోతోంది.”

ఈ పడవలో టాయిలెట్ నుంచి వచ్చేదంతా ముందు వైపు మంచం కింద ఉన్న పాలిథిలిన్ ట్యాంక్‌లోకి పోతుంది. ట్యాంక్ కొలత 30 గ్యాలన్లు, అంటే దాదాపు 113 లీటర్లు. ఎత్తు 36 సెంటీమీటర్లు. చేత్తో కొట్టే పంపు టాయిలెట్ కాబట్టి ఒక ఫ్లష్‌కు సుమారు 3 లీటర్లు పడుతుందనుకోండి. నలుగురు మనుషులు, మనిషికి రోజుకు ఐదు సార్లు అంటే 60 లీటర్లు. ట్యాంక్ పూర్తిగా ఖాళీగా ఉంటే రెండు రోజులకు దగ్గరగా గడుస్తుంది. మూడో వంతు ముందే నిండి ఉంటే మిగిలేది 75 లీటర్లు, అది ఒక రోజుకు కాస్త ఎక్కువ. ఆదివారం పొద్దున్నే నిండిపోతోందని ఆయన చెప్పింది ఈ లెక్కకు సరిగ్గా సరిపోయింది. అందుకే గేజ్ అబద్ధం చెప్పడం లేదని పడవ ఎక్కకముందే అనుకున్నాను.

నిండితే బేలోకి వదిలేయొచ్చు కదా అని కొత్తవాళ్లు అడుగుతుంటారు. కుదరదు. అమెరికా క్లీన్ వాటర్ యాక్ట్ ప్రకారం తీరానికి 3 మైళ్ల లోపల శుద్ధి చేయని మురుగును నీళ్లలోకి వదలడం చట్టవిరుద్ధం. చెసాపీక్ బే మొత్తం ఆ గీతకు లోపలే ఉంది. ట్యాంక్ నుంచి సముద్రంలోకి పోయే దారి పడవలో ఉన్నా, దాని వాల్వ్‌ను తాళం వేసో, హ్యాండిల్ తీసేసో, కేబుల్ టై బిగించో మూసి ఉంచాలి. కాబట్టి మరీనాలోని పంప్‌అవుట్ తప్ప వేరే దారి లేదు. 1992లో వచ్చిన క్లీన్ వెసెల్ యాక్ట్ పుణ్యమా అని ఫెడరల్ గ్రాంట్లతో పెట్టిన పంప్‌అవుట్ స్టేషన్లు ఈ తీరంలో బాగానే ఉన్నాయి.

ముందు అడిగినవి

ఏ పనిముట్టూ తీయకముందే నేను అడిగే ప్రశ్నలు రెండు: ఎక్కడ ఆగుతోంది, ఎలా ఆగుతోంది? ఈ రెండింటికీ కచ్చితమైన జవాబు దొరికితే సగం పని అయినట్టే. కానీ చాలామంది యజమానులు ఆ సమయానికి ముక్కు మూసుకుని అటువైపు తిరిగి ఉంటారు, తప్పు పట్టలేం.

ఇక్కడ ఆయన కంటే ఆవిడ ఎక్కువ గమనించారు. ట్యాంక్ సగం దాటగానే టాయిలెట్ పంపు హ్యాండిల్ గట్టిపడుతోందట. డెక్ మీద, పంప్‌అవుట్ గొట్టం తగిలించే చోట ఉన్న మూత తిప్పగానే లోపలి నుంచి బుస్సుమని గాలి తన్నుకొస్తోందట. పంప్‌అవుట్ చేసేటప్పుడు మంచం కింద ఏదో టపటపమని శబ్దం. “ట్యాంక్ ఊపిరి పీల్చుకోలేకపోతున్నట్టు ఉందండీ,” అన్నారు. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

ట్యాంక్‌కు ఒక వెంట్ ఉంటుంది: ట్యాంక్ పైనుంచి పడవ పక్కకు వెళ్లే సన్నటి గొట్టం. లోపలికి ఏదైనా వచ్చినప్పుడు అంత గాలి బయటికి పోవాలి, లోపలిది లాగేసినప్పుడు అంత గాలి లోపలికి రావాలి. అది మూసుకుపోతే నింపేటప్పుడు ఒత్తిడి, లాగేటప్పుడు వాక్యూమ్. ఆవిడ చెప్పిన మూడు లక్షణాలూ వెంట్ వైపే వేలు చూపిస్తున్నాయి.

అయినా ఒకటి పొసగలేదు. వెంట్ మూసుకుపోయిన ట్యాంక్ ప్రతిసారీ ఒకే మట్టం దగ్గర ఆగదు. పంపు బలాన్ని బట్టి, మధ్యలో ఎంతసేపు ఆపారన్నదాన్ని బట్టి ఒకరోజు సగం దగ్గర, ఇంకోరోజు పావు దగ్గర ఆగుతుంది. వీళ్లకేమో రెండు మరీనాల్లో, రెండు వేరువేరు పంపులతో, చివరికి తేలేది మూడో వంతే.

వాక్యూమ్ గేజ్ సూది

నా దగ్గర ఒక చిన్న అడాప్టర్ ఉంటుంది. అడుగు పొడవు పారదర్శక పైపు, దాని మీద ఒక వాక్యూమ్ గేజ్. దీన్ని డెక్ ఫిట్టింగ్‌కూ మరీనా పంపు గొట్టానికీ మధ్య పెడతాను. ఏం వస్తోందో కంటికి కనిపిస్తుంది, ఎంత బలంతో లాగుతోందో సూది చూపిస్తుంది. ఖర్చు పెద్దగా ఉండదు, కానీ ఈ పనిలో నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మేది దాన్నే.

ప్రవాహం ఆగిపోయి సూది పైకి పోతే ఎక్కడో అడ్డం ఉంది. ప్రవాహం ఆగిపోయి సూది కిందికి పడిపోతే ఎక్కడో గాలి దూరుతోంది. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, “రావడం లేదు” అంతే. మందు మాత్రం పూర్తిగా వేరు.

మంచం పలకలు తీసి ట్యాంక్ వెనక టార్చ్ పెట్టాను. పాలిథిలిన్ కాస్త పాలలా ఉంటుంది కాబట్టి వెలుతురు పడితే లోపలి మట్టం గీతలా కనిపిస్తుంది. పక్కన మాస్కింగ్ టేప్ అంటించి పెన్నుతో గుర్తు పెట్టాను. విశాఖలో ఓడల రిపేరు పనిలో ఉన్నప్పుడు అబ్బిన అలవాటు ఇది. అక్కడ గేజ్ ఎంత చూపించినా ట్యాంక్‌లోకి లోతు కొలిచే సౌండింగ్ టేపు వదిలి చూడకుండా ఎవరూ లెక్క రాయరు.

పంపు వేయగానే ప్రవాహం బాగానే మొదలైంది. సూది 8 అంగుళాల (వాక్యూమ్‌ను పాదరసం అంగుళాల్లో కొలుస్తారు) దగ్గర నిలబడింది. ట్యాంక్ సగానికి వస్తుండగా ప్రవాహం సన్నబడి, సూది 12 దాటి పైకి పోవడం మొదలైంది. టార్చ్ వెలుతుర్లో ట్యాంక్ పక్క గోడ అంగుళానికి పైగా లోపలికి గుంజుకుపోయి ఉంది. వెంటనే పంపు ఆపించాను. ట్యాంక్ లోపల వాతావరణ పీడనంలో పదో వంతు తగ్గినా చాలు, ప్రతి చదరపు అడుగు గోడ మీదా 95 కిలోల బరువు పెట్టినట్టే. ప్లాస్టిక్ ట్యాంక్ అతుకుల దగ్గర చీలడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. పంపు వాళ్లు “ఇంకాస్త సేపు లాగుదాం” అన్నప్పుడు ఒప్పుకోకూడనిది ఇందుకే.

కొన్ని నిమిషాలు ఆగితే టపటపమంటూ గోడ మళ్లీ బయటికి వచ్చింది. ఆవిడ విన్న శబ్దం ఇదే. అంటే వెంట్ పూర్తిగా మూసుకుపోలేదు, సూది మొనంత దారి మాత్రం మిగిలి ఉంది.

వెంట్ గొట్టం వెంబడి వెళ్తే కారణం దొరికింది. ఎవరో పాత యజమాని వాసన రాకుండా మధ్యలో బొగ్గు ఫిల్టర్ బిగించారు. పొడిగా ఉన్నంతకాలం అది పనిచేస్తుంది. మురుగు నీళ్లు ఒక్కసారి దానిలోకి వెళ్లాయా, బొగ్గు పొడి ముద్దయి గట్టిపడుతుంది. దీన్ని కోసి చూస్తే లోపల నల్లటి అట్ట కట్టి ఉంది. దానికి తోడు గొట్టం ఒక చోట కిందికి వేలాడి, ఆ వంపులో నీళ్లు నిలబడి ఉన్నాయి.

ఈ ఫిల్టర్ల గురించి నా అభిప్రాయం దాచుకోను: చిన్న పడవల్లో వీటి వల్ల వచ్చే తిప్పలే ఎక్కువ. ట్యాంక్‌కు గాలి బాగా ఆడితే ఆక్సిజన్ ఉన్నచోట బతికే బ్యాక్టీరియా పని చేస్తుంది, వాసన తక్కువ. గాలి ఆడకపోతే ఆక్సిజన్ అక్కర్లేని బ్యాక్టీరియా రాజ్యమేలి, కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టిస్తుంది. వాసనకు భయపడి పెట్టిన ఫిల్టరే మూసుకుపోయి ఇంకా పెద్ద వాసన తెస్తుంది. వీళ్ల పడవలో జరిగింది అదే.

ఫిల్టర్ తీసేసి, తాత్కాలికంగా ట్యాంక్ వెంట్‌కు నేరుగా ఒక గొట్టం బిగించి బయటికి వదిలి, మళ్లీ పంపు వేయించాం. ఈసారి గోడ కదలలేదు. ప్రవాహం సగం దగ్గర తడబడకుండా కిందికి దిగుతూ పోయింది. యజమాని ముఖం వెలిగింది. టేపు మీద 13 సెంటీమీటర్ల గుర్తు దగ్గరికి రాగానే కొబ్బరిబొండాం అడుగున స్ట్రా గుర్రుమన్నట్టు గుర్రుగుర్రుమని, పారదర్శక పైపులో గాలి తప్ప ఏమీ లేదు. సూది 8 నుంచి 4కు పడిపోయింది.

13 సెంటీమీటర్లు అంటే 36లో మూడో వంతుకు కాస్త పైన. ఫోన్‌లో విన్న మూడో వంతు ఇదే. ఇందాక అడ్డం వల్ల ఆగింది, ఇప్పుడు గాలి వల్ల ఆగుతోంది. వెంట్ ఒక జబ్బు, ఇది ఇంకోటి.

ఐదు పోస్తే ఐదే వచ్చింది

గాలి ఎక్కడి నుంచి వస్తోందన్నది తేలాలి. అనుమానితులు నలుగురు: డెక్ దగ్గర పంపు గొట్టం సరిగ్గా కూర్చోకపోవడం, దారిలో ఏదో క్లాంప్ వదులవడం, వై వాల్వ్ (దారిని డెక్ వైపో సముద్రం వైపో మళ్లించేది) లీక్ అవడం, ట్యాంక్ లోపలి డిప్ ట్యూబ్ పాడవడం. డిప్ ట్యూబ్ అంటే ట్యాంక్ పై కప్పు నుంచి అడుగు దాకా దిగే గొట్టం. మురుగు అంతా పైకి రావాల్సింది దానిలోంచే.

మొదటి మూడింటినీ త్వరగా పక్కన పెట్టొచ్చు. బయట ఎక్కడో గాలి దూరుతుంటే ట్యాంక్ నిండుగా ఉన్నప్పుడు కూడా పైపులో బుడగలు కనిపించాలి, సూది మొదటి నుంచీ తక్కువ చూపించాలి. 13 సెంటీమీటర్ల దాకా ఒక్క బుడగ కూడా లేదు. వై వాల్వ్ రెండో వైపు మురుగును నలిపి సముద్రంలోకి తోసే మాసెరేటర్ పంపు ఉంది, దాని సీకాక్ (పడవ గోడకు ఉండే వాల్వ్) మూసే ఉంది. తెరిచి ఉండి వాల్వ్ లీక్ అయితే పైపులో తేటగా బే నీళ్లు కనిపించేవి, అదీ లేదు.

అడుగున బురద పేరుకుపోయిందేమో అన్న అనుమానం కూడా ఒకటి ఉంది. నిజానికి చాలామంది మొదట అనుకునేది ఇదే, మందుల సీసాలన్నీ అమ్ముడుపోయేది దీని పేరు మీదే. టార్చ్ వెలుతుర్లో అడుగున రెండు మూడు సెంటీమీటర్ల నల్లటి పొర కనిపిస్తోంది, పైన మాత్రం పల్చటి నీళ్లే. పల్చటి నీళ్లు పది సెంటీమీటర్ల మందాన మిగిలిపోయాయంటే తప్పు బురదది కాదు.

అనుమానం పూర్తిగా తీరడానికి ఒక సులువైన పరీక్ష చేశాం. ఐదు గ్యాలన్ల మంచి నీళ్లు కొలిచి ట్యాంక్‌లో పోశాం. మట్టం సుమారు 6 సెంటీమీటర్లు పెరిగి 19కి వచ్చింది. పంపు వేస్తే మళ్లీ 13 దగ్గర గుర్రుమంది. మళ్లీ ఐదు పోస్తే, మళ్లీ ఐదే వచ్చింది. పిల్లలతో సహా అందర్నీ ముందు వైపుకు వెళ్లి నిలబడమన్నాం. డిప్ ట్యూబ్ ట్యాంక్ వెనక అంచు దగ్గర ఉంది కాబట్టి నీళ్లు దాని నుంచి దూరం జరుగుతాయి. ట్యూబ్ దగ్గర మట్టం మాత్రం అదే 13లో ఆగింది, ముందు అంచున ఇంకా ఎక్కువ మిగిలింది.

ఇలా ప్రతిసారీ ఒకే మట్టానికి వచ్చి ఒక్కసారిగా గాలి పీల్చుకుంటే డిప్ ట్యూబ్ అక్కడితో ముగిసిందని అర్థం. సన్నటి పగులు అయితే గాలీ నీళ్లూ కలిసి వస్తూ, ప్రవాహం మెల్లగా నీరసపడుతుంది. ఇక్కడ అలా కాలేదు. ట్యూబ్ కింది భాగమే లేదని ట్యాంక్ తెరవకముందే ఆయనకు చెప్పాను.

లోపల ఏముంది

తెరిచే ముందు హ్యాచ్‌లన్నీ తీసి ఫ్యాన్ పెట్టాం. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికంటే బరువు, పడవ అడుగున పల్లంలో చేరుతుంది. మోతాదు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, కాబట్టి వాసన తగ్గింది కదా అని ధైర్యం చేయకూడదు. గ్లవ్స్, కళ్లద్దాలు, పిల్లలు బయట. ఇంకో మాట: అంతకుముందు ఎవరైనా ట్యాంక్‌లో బ్లీచ్ పోశారేమో అడిగి తెలుసుకోవాలి. మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే క్లోరమైన్ వాయువు పుడుతుంది. వీళ్లు పోయలేదు.

డిప్ ట్యూబ్ ఫిట్టింగ్ మర విప్పి పైకి లాగితే 23 సెంటీమీటర్ల గొట్టం వచ్చింది. ట్యాంక్ ఎత్తు 36లోంచి అది తీసేస్తే 13. గొట్టం చివర ఒక పాలిథిలిన్ జాయింట్ ఉంది, దాని లోపలి అంచున ఎండిపోయిన సీలెంట్ పేలికల్లా వేలాడుతోంది. ఏదో ఒక కాలంలో ఎవరో ట్యూబ్ మార్చి, పొడవు సరిపోక రెండు ముక్కలు అతికించారు. పాలిథిలిన్‌కు మామూలు జిగుర్లూ, సీలెంట్లూ గట్టిగా పట్టవు. కొన్నేళ్లు నిలబడి ఉండొచ్చు, ఒకరోజు కింది ముక్క జారి అడుగున పడింది.

ఆ రంధ్రంలోంచే సన్నటి గట్టి పైపు దింపి, దానికి పంపు తగిలించి మిగిలిన పది గ్యాలన్లూ లాగేశాం. నీళ్లు పోసి కదిలించి లాగుతూ నల్లటి పొర పోయేదాకా కడిగాం. తర్వాత ట్యాంక్ పైన 6 అంగుళాల ఇన్‌స్పెక్షన్ పోర్ట్ కోసి పెట్టాను. పడిపోయిన 11 సెంటీమీటర్ల ముక్క ఒక మూలకు దొర్లి ఉంది, పోర్ట్‌లోంచి చెయ్యి పెట్టి తీశాం. తీయకుండా వదిలేస్తే ఏమవుతుందని ఆయన అడిగారు. పడవ ఊగినప్పుడల్లా దొర్లి, ఎప్పుడో ఒకసారి కొత్త ట్యూబ్ నోటి కిందికి వచ్చి కూర్చుంటుంది. అప్పుడు ఒకసారి ఖాళీ అవుతుంది, ఒకసారి అవదు. అలాంటి జబ్బును పట్టుకోవడం దీనికంటే పది రెట్లు కష్టం.

వెంట్, ట్యూబ్ రెండూ ఒకేసారి ఎందుకు పాడయ్యాయన్నది ఇక్కడే విడింది. అవి వేరువేరు జబ్బులు కావు. ట్యూబ్ ముక్క పడిపోయింది, ట్యాంక్ సామర్థ్యం మూడో వంతు తగ్గింది. ఆ సంగతి తెలియక పాత లెక్కనే వాడుకోవడంతో ట్యాంక్ అంచుల దాకా నిండడం మామూలైంది. నిండిన ట్యాంక్‌లోకి ఇంకా పంపు కొడితే మురుగు వెంట్‌లోకి ఎక్కుతుంది. ఆ దారిలోనే బొగ్గు ఫిల్టర్ ఉంది. ఫిల్టర్ ముద్దకట్టింది, వెంట్ మూసుకుపోయింది. చివర వచ్చిన జబ్బు పెద్దగా గోల చేసింది కాబట్టి మొదటిది కనిపించలేదు. ఫిల్టర్ ఒక్కటే మార్చి వదిలేస్తే కొత్తది కూడా మళ్లీ తడిసి ముద్దయ్యేదే.

బాగుచేయడం

కొత్త డిప్ ట్యూబ్ ఒకటే ముక్క, ఒకటిన్నర అంగుళాల పీవీసీ. మధ్యలో అతుకు లేదు. ట్యాంక్ అడుగు నుంచి 2 సెంటీమీటర్ల ఎత్తులో ఆగేలా కోశాను, గొట్టం వ్యాసంలో సగం అన్నది నా లెక్క. అంతకంటే దగ్గరగా పెడితే నోరు అడుగుకు అతుక్కుని లాగలేదు, దూరంగా పెడితే మిగులు పెరుగుతుంది. నోటిని 45 డిగ్రీల వాలుగా కోస్తే అతుక్కునే భయం ఇంకా తగ్గుతుంది. పాలిథిలిన్ మరలకు టెఫ్లాన్ టేపు చుట్టి చేత్తో బిగించి, రెంచ్‌తో కొద్దిగా తిప్పితే చాలు. బలం చూపిస్తే మరే చీలుతుంది.

వెంట్‌కు పాత సన్నటి గొట్టం బదులు ముప్పావు అంగుళం గొట్టం వేసి, ఎక్కడా వేలాడకుండా ట్యాంక్ నుంచి బయటి రంధ్రం దాకా ఎక్కుతూ పోయేలా క్లిప్పులు కొట్టాను. ఫిల్టర్ మళ్లీ పెట్టలేదు. ఆవిడకు అది నచ్చలేదు. వాసన వస్తే అప్పుడు చూద్దామని ఒప్పించాను. బయటి రంధ్రానికి ఉన్న జాలీని మాత్రం తీసి శుభ్రం చేసి పెట్టాం, వేసవిలో మట్టిగూళ్లు కట్టే కందిరీగలకు అలాంటి రంధ్రాలంటే ప్రాణం.

అంతా బిగించాక ట్యాంక్ నిండా మంచి నీళ్లు పోసి పంపు వేయించాం. సూది 8 దగ్గరే నిలబడి ఉంది. టేపు మీద మట్టం 13 దాటింది, 10 దాటింది, 5 దాటింది. 2 సెంటీమీటర్ల దగ్గర గుర్రుమని ఆగింది. అడుగున మిగిలేది ఒకటిన్నర గ్యాలన్లకు కాస్త అటూఇటూ. ఆ మిగులు మామూలే, ఏ డిప్ ట్యూబ్ అయినా చివరి చుక్క దాకా లాగదు. పంప్‌అవుట్ అయ్యాక రెండు మూడు గ్యాలన్ల నీళ్లు పోసి ఇంకోసారి లాగించమని చెప్పాను. కొత్త గేజ్ సున్నా దగ్గరకు దిగింది. పాపం దానికి ఖర్చు పెట్టించారు, పాత గేజ్ కూడా నిజమే చెప్పేది.

ఐస్ ముక్కలు పోసి పడవ నడిపితే ట్యాంక్ గోడలు శుభ్రపడతాయంటారు కదా, చేయమంటారా అని ఆయన అడిగారు. చేయండి, నష్టమేమీ లేదు, లాభం చూశానని నేను సాక్ష్యం చెప్పలేను అన్నాను. దానికంటే ఫ్లష్ చేసేటప్పుడు ఇంకో రెండు సార్లు నీళ్లు కొట్టడం మేలు. గట్టి పదార్థం గొట్టంలో నిలబడిపోకుండా ట్యాంక్ దాకా చేరుతుంది.

ఇంకో పని మిగిలింది. టాయిలెట్ నుంచి ట్యాంక్‌కు వెళ్లే గొట్టం మీద వేడి నీళ్లలో పిండిన గుడ్డ రుద్ది వాసన చూస్తే, గుడ్డకు వాసన అంటింది. గొట్టం గోడలోంచే వాసన ఊరుతోందని అర్థం. ఒక చివర విప్పి చూస్తే, మూత్రమూ ఉప్పునీళ్లూ కలిసి కట్టిన గట్టి పాచి లోపల ఉంది, కానీ దారి ఇంకా సరిపడా మిగిలే ఉంది. చలికాలానికి పడవను గట్టు మీదికి ఎక్కించినప్పుడు ఆ గొట్టం మొత్తం మార్చాలి. అప్పటికి ట్యాంక్ ఖాళీ చేసి, లోపలి నీళ్లు గడ్డకట్టకుండా ప్రొపిలీన్ గ్లైకాల్ యాంటీఫ్రీజ్ నడిపించి ఉంచమని ఆయనకు రాసిచ్చాను.